పదకొండు గంటల పది నిమిషాల మెయిలు

షానవాజ్ రెండు కాగితాలు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకదాని మీద హార్డ్‌డిస్కుల లెక్క, రెండోదాని మీద క్లౌడ్ లెక్క. వన్‌టౌన్‌లో కంప్యూటర్ల దుకాణం నడిపే షానవాజ్‌కి అబద్ధం చెప్పి అమ్మే అలవాటు లేదు. అందుకే సూర్యకళ పదేళ్లుగా ఏం కావాలన్నా అతని దగ్గరే కొంటోంది.

“నిజం సెప్పాలంటే అక్కా, నీ పనికి డిస్కులే సుఖం,” అన్నాడు. “ఒక్కో పెళ్లి నాలుగొందల జీబీ ఒత్తంది. ఈ లైను మీద ఎక్కించాలంటే ఒక రోజంతా తింటాది. డిస్కయితే సంచీలో ఏసుకొని ఒచ్చీడమే. తుఫానొచ్చిందనుకో, నెట్ ఉండదు. హుద్‌హుద్ అప్పుడు ఎన్ని రోజులు సీకట్లో కూకున్నామో మర్సిపోనావా? పైగా ఇది నెలనెలా కట్టుకోవాల.”

“మరి డిస్కులకి రోగాల్లేవేటి?”

“ఎందుకు నేవూ. ఉప్పుగాలి. నువ్వు డిస్కులు దాసే బిస్కత్తు డబ్బాలో ఎన్ని సచ్చిపోనాయో నీకే తెలుసు. కిందపడితే పోద్ది, తడిస్తే పోద్ది, ఊరికే కూకున్నా పోద్ది. అందుకే రెండూ ఉంచుకోమంటాను.”

సూర్యకళ కాగితాల వైపు చూడలేదు. “ఒకటి సెప్పు. డిస్కులో సరుకు పోయిందనుకో. ఎవులు పోగొట్టారో డిస్కు సెప్తాదా?”

“డిస్కేటి సెప్తాదక్కా. ఇనప ముక్క.”

“ఇదో?” రెండో కాగితం మీద వేలు పెట్టింది.

“ఇది అన్నీ రాసుకుంటాది. ఏ మెయిల్ నుంచి ఎవులు ఎక్కించారు, ఎవులు తెరిసారు, ఎవులు తీసీసారు, ఎన్ని గంటల ఎన్ని నిమసాలకి. నువ్వు సేసిన పని కూడా రాసుకుంటాది. బతిమాలినా సెరపదు.”

“అయితే ఇదే పెట్టీ.”

“రేటు సూడవేటక్కా?”

“మూడేళ్లనుంచి ఇలాటిదాని కోసం సూత్తన్నాను. రేటెందుకు.”

షానవాజ్ ఆమె మొహం చూసి, డిస్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూడేళ్ల కింద ఏం జరిగిందో విశాఖలో పెళ్లి వీడియోల పని చేసే ప్రతివాడికీ తెలుసు.

సూర్యకళకి నలభై నాలుగేళ్లు. కంచరపాలెం మెట్టు దగ్గర, రైలు పట్టాల వైపు దిగే సందులో ఆమె మిక్సింగ్ సెంటరు. పెళ్లి వీడియో తీసేవాళ్లు వేరు, దాన్ని కోసి, కుదించి, పాటలు కలిపి మూడు గంటల బొమ్మగా చేసేవాళ్లు వేరు. ఈ రెండో పనినే మిక్సింగ్ అంటారు. స్టూడియోలవాళ్లు తీసిన సరుకంతా ఒక హార్డ్‌డిస్కులో పోసి తెచ్చి ఇస్తారు, పని అయ్యాక అదే డిస్కు పట్టుకుపోతారు. రసీదు ఉండదు, సంతకం ఉండదు. ఏదైనా చెప్పుకోవలసి వస్తే ఫోను. ఈ వ్యాపారం మొత్తం ఫోను మీదే నడుస్తుంది.

ఆమె తండ్రి పోర్టులో కలాసీ. ఇంటర్ తప్పాక, ఇరవై ఒకటో ఏట గురునాథరావు స్టూడియోలో ఆల్బంలు అతికించే పనికి చేరింది. అప్పట్లో మిక్సింగంటే రెండు వీసీఆర్‌లు, ఒక టీవీ. ఒకదాంట్లో నడుస్తున్న టేపుని సరిగ్గా చూసి రెండోదాంట్లో బటన్ నొక్కాలి. అర సెకను ఆలస్యమైతే పెళ్లికూతురు మొహం బదులు పురోహితుడి వీపు పడుతుంది. సూర్యకళ వేలికి ఆ అర సెకను తెలుసు. ఎవరూ నేర్పలేదు. చూసి పట్టుకుంది. పద్నాలుగేళ్లలో గురునాథరావు స్టూడియోకి వచ్చిన పేరులో సగం ఆ వేలిదే. ఆయన మాత్రం ఎక్కడ నలుగురు కూడినా, “మన సూర్యకళండీ, నేనే తయారు చేశాను,” అనేవాడు.

గురునాథరావు తండ్రి గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చినవాడు. కొడుకు నోట ఆ ‘అండీ’ మాత్రం పోలేదు. మనిషి నెమ్మది, మాట మెత్తన, తెల్ల చొక్కా. రుషికొండ దారిలో అద్దాల స్టూడియో కట్టాడు, డ్రోన్లు కొన్నాడు, ఫోటో, వీడియో వాళ్ల సంఘానికి పన్నెండేళ్లుగా అధ్యక్షుడు. సూర్యకళ బయటికి వచ్చి సొంత సెంటరు పెట్టుకున్నప్పుడు దీవించి, మొదటి పని తనే ఇచ్చాడు.

ఆ తర్వాత దువ్వాడ పెళ్లి వచ్చింది.

పెళ్లికూతురి తండ్రి మోహనకృష్ణ స్టీల్‌ప్లాంటు ఉద్యోగి. ముహూర్తం వేళ వేదిక మీద జనం మూగితే కింద నిలబెట్టిన మొదటి కెమెరాకి వీపులు తప్ప ఏమీ పడవు. అందుకని రెండో కెమెరాని పైన, పురోహితుడి పక్కన ఉంచుతారు. జీలకర్రా బెల్లం, తాళి, తలంబ్రాలు అన్నీ దాంట్లోనే. గురునాథరావు మేనల్లుడు నాగవంశీ తెల్లవారుజామున నిద్రకళ్లతో కార్డులు డిస్కులోకి పోస్తూ, మొదటి కెమెరా కార్డునే రెండుసార్లు పోశాడు. రెండో కార్డు అలాగే జేబులో ఉండిపోయింది. మర్నాడు ఇంకో ఫంక్షనుకి దాన్ని ఫార్మాట్ చేసి వాడేశాడు.

సూర్యకళ డిస్కు తెరవగానే చూసింది. వెంటనే గురునాథరావుకి ఫోను చేసింది. “సార్, రెండు ఫోల్డర్లలోనూ ఒకటే సరుకు. ముహూర్తం నేదు,” అని చెప్పింది. ఆయన, “నేను చూస్తానమ్మా, నువ్వు మిగతాది కానీ,” అన్నాడు. సాయంత్రం మనిషి వచ్చి డిస్కు పట్టుకుపోయాడు.

వారం తిరిగేసరికి కథ ఇంకోలా ఉంది. డిస్కు సూర్యకళ దగ్గరికి నిండుగా వెళ్లిందట, వెలితిగా తిరిగొచ్చిందట. సంఘం మీటింగు పెట్టారు. ఆమె ఫోన్లో కాల్ లిస్టు తీసి చూపించింది. తేదీ ఉంది, టైము ఉంది, రెండు నిమిషాలు మాట్లాడినట్టు ఉంది. గురునాథరావు కళ్లజోడు తుడుచుకున్నాడు.

“ఫోను చేసిన మాట నిజమేనండి. సెలవు కావాలని చేసింది. పాపం, ఇంట్లో ఏదో ఇబ్బంది, మన పని నాలుగు రోజులు ఆపుకుంటానన్నది.”

కళ్లెదుట అంత మెత్తగా చెప్పిన ఆ అబద్ధానికి సూర్యకళకి మాట రాలేదు. ఆ రాకపోవడాన్నే జనం ఒప్పుకోలు అనుకున్నారు. సంఘం తీర్పు: పెద్దమనిషి పరువు పోకుండా ఆమే దువ్వాడ వెళ్లి క్షమాపణ చెప్పుకోవాలి.

వెళ్లింది. పెళ్లికూతురి తల్లి గుమ్మంలోనే నిలబెట్టింది. “ఫోటోలున్నాయంటావా? ఫోటోలో మా పిల్ల తల మీద సెయ్యుంది. ఎట్టడమేదీ? మెడలో తాడుంది. కట్టడమేదీ?” అని అడిగింది. మోహనకృష్ణ రిమోటు తీసుకున్నాడు. టీవీ సౌండు పెంచాడు.

ఎనిమిది స్టూడియోల పని మూడుకి వచ్చింది. సూర్యకళ ఏడవలేదు. భర్త నూకాలు స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు వెల్డరు. “ఒగ్గీయే, దేవుడు సూసుకుంటాడు,” అని ఒకటి రెండుసార్లు అన్నాడు. “దేవుడికి సానా పెళ్లిళ్లున్నాయి. ఇది నాను సూసుకుంటాను,” అంది. ఆ తర్వాత ఆయన ఆ ఊసు ఎత్తలేదు. రెండు నిమిషాల ఆ కాల్ లిస్టు ఉన్న పాత ఫోను పాడైనా పారెయ్యనివ్వలేదు.

క్లౌడ్ వచ్చాక ఆమె ఒక్కటే రూలు పెట్టింది. ఇకమీదట డిస్కు చేతికి తీసుకోదు. ఎవరి సరుకు వాళ్లు తమ మెయిల్‌తో లాగినై ఆమె ఫోల్డర్‌లోకి ఎక్కించాలి. తేడా వస్తే ఆమె మెయిల్‌లో రాస్తుంది. వచ్చిన సరుకుని తను మాత్రం ఒక డిస్కులోకి దింపుకుని బిస్కత్తు డబ్బాలో దాచుకునేది, షానవాజ్ మాట ప్రకారం.

మూడు స్టూడియోలవాళ్లూ గొణిగారు. గోపాలపట్నం చంటి అయితే సెంటరుకి వచ్చి మరీ దెప్పాడు.

“ఏటి వదినా ఇది? పెళ్లి వీడియోకి పాస్‌పోర్ట్ ఆఫీసు పెట్టీసేవ్.”

“ఎక్కించడం రాకపోతే సెప్పు. నేర్పుతాను.”

“ఎక్కించడం వొచ్చు గానీ, రాత్రంతా ఎక్కుతునే ఉంటాది. మా ఇంట్లో మాయావిడ సీరియల్ ఆగిపోతంది.”

“మంచిదే కదా. నీతో మాటాడతాది.”

చంటి నవ్వాడు, గొణిగాడు, ఎక్కించాడు. ఒక స్టూడియో మానుకుంది. సూర్యకళ పట్టించుకోలేదు. ఆమె చూపు రుషికొండ దారి మీద ఉంది.

పగ పట్టినవాళ్లు గోతులు తవ్వుతారనుకుంటాం. ఆమె ఏమీ తవ్వలేదు. ఇరవై ఏళ్లుగా చూస్తున్న మనుషులు వాళ్లు. కార్డులు తక్కువ, పెళ్లిళ్లు ఎక్కువ. తెల్లవారుజామునే పోస్తారు. లేబుల్ అంటించరు. పోసింది తెరిచి చూసుకోరు. ఒకసారి జరిగిన తప్పు మళ్లీ జరగడానికి వాళ్లే అన్ని ఏర్పాట్లూ చేసుకుని ఉన్నారు. జరిగినరోజు ఆ సరుకు తన దగ్గరికి రావాలి. అంతే కావాలి ఆమెకి.

ఆ అవకాశం మాఘమాసంలో వచ్చింది. తొమ్మిది రోజుల్లో పదకొండు పెళ్లిళ్లు పెట్టుకున్నాక గురునాథరావు మిక్సింగ్ మనిషి హైదరాబాద్‌లో సినిమా పని దొరికిందని చెప్పకుండా వెళ్లిపోయాడు. ఊళ్లో అంత వేగంగా కోసేవాళ్లు ఇంకెవరూ లేరు. నాగవంశీ బైకు మెట్టు కింద ఆగింది.

“అక్కా, పాతవన్నీ మనసులో ఎట్టుకోకు. మావయ్య నిన్నే అడగమన్నాడు.”

“కూకో వంశీ. టీ తాగుతావా?”

ఇంత మర్యాద అతను ఊహించలేదు. టీ తాగుతూ రూలు విన్నాడు. తన మెయిలు, మామయ్య మెయిలు కాగితం మీద రాసి ఇచ్చాడు. “మావయ్య మెయిల్ తెరవడక్కా. ఆయనకి అన్నీ ఫోనే. నానూ అంతే అనుకో.”

“పర్లేదు. పద్ధతి కోసం.”

మొదటి ఆరు పెళ్లిళ్లు సరిగ్గానే వచ్చాయి. సూర్యకళ వాటిని ప్రాణం పెట్టి చేసింది. ఏడోది సింహాచలంలో బుధవారం రాత్రి జరిగింది. పెళ్లికూతురు శ్రీసత్య రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సరుకు గురువారమంతా ఎక్కి, శుక్రవారం తెల్లవారేసరికి వచ్చి కూర్చుంది.

శుక్రవారం పొద్దున్న పదకొండు గంటల నాలుగు నిమిషాలకి సూర్యకళ ఫోల్డరు తెరిచింది. మొదటి కెమెరా. వీపులు, జడలు, ఎత్తి పట్టుకున్న సెల్‌ఫోన్లు. రెండో కెమెరా తెరిచింది. అవే వీపులు, అవే జడలు.

ఆమె కుర్చీలో వెనక్కి ఆనింది. మూడేళ్లలో మొదటిసారి ఒంట్లోకి ఏదో చల్లగా దిగినట్టయింది. ఎవరు ఏం చేశారో క్లౌడ్ రాసుకునే పట్టీ, లాగ్, తెరిచింది. ఎక్కించింది నాగవంశీ మెయిలు. రెండు ఫోల్డర్లూ, క్లిప్పుల సంఖ్య సమానం, సైజు సమానం, ఆఖరి అంకె దాకా.

అప్పుడు రెండో సంగతి గుర్తొచ్చింది. నిన్న వీళ్లకి ఫంక్షను లేదు. తర్వాతిది ఈ సాయంత్రం గాజువాకలో రిసెప్షను. అంటే కార్డు ఇంకా నాగవంశీ బ్యాగులో భద్రంగా ఉంది. సాయంత్రం అయిదుకి, హాల్లో లైట్లు పెట్టేటప్పుడు ఫార్మాట్ చేస్తాడు. ఇప్పుడు ఒక్క ఫోను చేస్తే ఆ పిల్ల పెళ్లి దక్కుతుంది. గురునాథరావు కూడా దక్కుతాడు. ‘బాగా పట్టుకున్నావమ్మా’ అంటాడు. దువ్వాడ గుమ్మంలో నిలబడిన మనిషిగా తను అలాగే మిగిలిపోతుంది.

ఫోను చేతిలోకి తీసుకుంది. నంబరు తీసింది. తెర మీద శ్రీసత్య బుట్టలో కూర్చుని మేనమామల చేతుల మీద వస్తోంది. ఒక పక్కకి ఒరిగితే పడిపోతాననుకుని నవ్వుతోంది. సూర్యకళ ఆ క్లిప్పు మూసేసింది. ఫోను బోర్లా పెట్టింది.

మెయిలు తెరిచి ఇద్దరికీ రాసింది. ‘సింహాచలం పెళ్లి. రెండో కెమెరా ఫోల్డరులో మొదటి కెమెరా క్లిప్పులే మళ్లీ ఉన్నాయి. ముహూర్తం దగ్గరి షాట్లు రాలేదు. రెండో కార్డు ఫార్మాట్ చెయ్యకుండా మళ్లీ ఎక్కించండి.’ ఒక్క అక్షరం తప్పు లేకుండా చూసుకుని పంపింది. పదకొండు గంటల పది నిమిషాలు.

తను చెప్పవలసింది చెప్పింది. రూలు ప్రకారం చెప్పింది. అది ఎవరూ చదవరని కూడా ఆమెకి ఖాయంగా తెలుసు.

ఆ మధ్యాహ్నం ఇంకో పెళ్లి కోసింది. అన్నం తినలేదు. రెండింటికోసారి, మూడున్నరకోసారి ఫోను తిరగేసి చూసింది. మెయిలుకి జవాబు లేదు. నాలుగున్నరకి చెయ్యి దానంతటదే ఫోను మీదకి వెళ్లింది. ‘సెలవు కావాలని చేసింది’ అన్న గొంతు చెవిలో వినబడింది. చెయ్యి తీసేసింది. కింద గూడ్సు బండి వెళ్తుంటే వ్యాగన్లు లెక్కపెట్టింది. యాభై ఎనిమిది.

అయిదున్నరకి ఫోను చేసింది.

“వంశీ, పొద్దున్న మెయిల్ పెట్టేను. సూసేవా?”

“మెయిలా? ఏ మెయిలక్కా? హాల్లో ఉన్నాను, తరవాత—”

“ఇప్పుడు సూడు.”

అవతల బ్యాండు వాళ్లు సరిచూసుకుంటున్న డప్పు. తర్వాత అది కూడా వినబడలేదు. నాగవంశీ ఫోను చేత్తో మూసినట్టున్నాడు. మెయిలు చదివి మళ్లీ లైనులోకి వచ్చాడు.

“అక్కా. కార్డు ఇప్పుడే ఫార్మాట్ కొట్టీసేను. అరగంటయింది. దానిమీద తీసెత్తన్నాం కూడా.”

“అయ్యో,” అంది సూర్యకళ. అలా అంటున్నప్పుడు తను కిటికీ అద్దంలో కనబడింది. మొహం తిప్పుకుంది.

సంఘం మీటింగు పెట్టమని అడిగింది ఆమే. ఆదివారం పొద్దున్న, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర కల్యాణమండపం మేడ మీద, మూడేళ్ల కిందటి హాల్లోనే. ఆల్బంలు చూపించడానికి వాడే ప్రొజెక్టరుకి ల్యాప్‌టాప్ తగిలించింది. అరవై మంది దాకా వచ్చారు. అధ్యక్షుడి కుర్చీలో గురునాథరావు.

ఆమె ఉపన్యాసం చెప్పలేదు. గోడ మీద లాగ్ వేసింది. ఎవరు ఎక్కించారో చదివింది. రెండు ఫోల్డర్ల సైజులు చదివింది. తర్వాత మెయిలు వేసింది. పంపిన టైము చదివింది.

“వంశీ, కార్డు ఎన్నింటికి కొట్టేవు?”

నాగవంశీ నేల చూస్తూ, “అయిదుకి,” అన్నాడు.

గురునాథరావు లేచాడు. గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది. “అంతా బానే ఉందండి. ఆరు గంటలు చేతిలో ఉన్నాయి కదా. ఒక్క ఫోను చేస్తే పోయేదా సూర్యకళా? మనం మనం ఎప్పుడన్నా మెయిళ్లు రాసుకున్నామా?”

“మూడేళ్ల కింద ఫోనే సేసేను సార్. ఈ హాల్లోనే సెలవడిగేనన్నారు. మళ్లీ సెలవడిగినట్టు ఉంటాదని రాసేను.”

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. చంటి దాచుకోకుండా పైకే నవ్వాడు. “అధ్యచ్చా, దువ్వాడ డిస్కు కూడా ఇలగే నిండుగా ఎల్లుంటాది,” అన్నాడు. నవ్వు హాలంతా పాకింది. గురునాథరావు కళ్లజోడు తీశాడు, తుడవలేదు, చేతిలోనే పట్టుకున్నాడు. అరవై మంది ముందు ఆయన కుర్చీలో కూర్చోవాలో నిలబడాలో తెలియక ఒక అర నిమిషం వంగి ఉండిపోయాడు. ఆ అర నిమిషాన్ని సూర్యకళ రెప్ప వెయ్యకుండా చూసింది.

“దువ్వాడది కూడా సెప్పీండి సార్,” అంది. “అందరూ ఉన్నారు.”

ఆయన చెప్పలేదు. నాగవంశీ చెప్పాడు. “అదీ నానే. కార్డు నా జేబులో ఉండిపోయింది. అక్క ఫోన్ సేసి సెప్పింది. మావయ్య నన్ను నోరు మూసుకోమన్నాడు.”

తీర్పు చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. అధ్యక్షుడిగా ఇంకొకరు. దువ్వాడకి గురునాథరావే వెళ్లి నిజం చెప్పాలి. అలాగే శ్రీసత్య ఇంటికి, సాక్షిగా సూర్యకళతో కలిసి.

మధురవాడలో అయిదో అంతస్తు ఫ్లాటు. శ్రీసత్య అరచేతుల గోరింటాకు ఇంకా పోలేదు. ముందుగా గురునాథరావు మాట్లాడాడు. పొరపాటన్నాడు, కుర్రాడి నిద్రన్నాడు, పెళ్లికి పిలవడానికి వచ్చినవాడిలా మెత్తగా చెప్పాడు. ఆ అమ్మాయి విని, సూర్యకళ చేతిలోని ప్రింటు తీసుకుంది. మీటింగులో చూపించిన మెయిలు అది. చదివింది. రెండోసారి పైన టైము మాత్రం చూసింది.

“ఆంటీ, పదకొండు పదికి మీకు తెలిసిపోయింది.”

“తెలిసింది.”

“అయిదింటి వరకు కార్డులో నా పెళ్లి ఉంది.”

“ఉంది.”

“వీళ్లు మెయిల్ చూడరని మీకు తెలుసా?”

అబద్ధం చెప్పడం తేలికే. ‘తెలీదమ్మా’ అంటే అక్కడితో అయిపోతుంది. మనసులో ఉన్నది రాసుకునే యంత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కాని ఎదుట సోఫాలో గురునాథరావు ఉన్నాడు. ఆయన ముందు అబద్ధం ఆడితే తను ఆయనతో సమానమవుతుంది. అది ఆమె భరించలేదు.

“తెలుసమ్మా. తెలిసే ఫోన్ సెయ్యలేదు. ఈయనకి తగలాలని.”

“నాకు తగిలింది.”

ఆ మాట సూర్యకళకి తగల్లేదని రాయడానికి లేదు. తగిలింది. దువ్వాడ తల్లి అడిగినప్పుడు తన తప్పు లేదు. ఇప్పుడు ఉంది. అయినా ఆ ఆదివారం హాల్లో గురునాథరావు వంగి ఉన్న అర నిమిషాన్ని వెనక్కి ఇచ్చెయ్యమంటే ఇవ్వదు. రెండూ ఆమెకి తెలుసు.

శ్రీసత్య ఏడవలేదు, అరవలేదు. ఆఫీసులో పని పంచేదానిలా మాట్లాడింది. “మొదటి కెమెరాలో ఏముంది?”

“వీపులు. సెల్‌ఫోన్లు ఎత్తి తీస్తన్న జనం.”

“అయితే తీసినవాళ్లెవరో కనబడుతున్నారు కదా. ఆ బొమ్మలు ఆపి నాకు పంపండి. ఎవరెవరో నేను పేర్లు, నంబర్లు రాసిస్తాను. అంకుల్ గారు ఒక్కొక్కరికీ స్వయంగా ఫోన్ చేసి, ఏం జరిగిందో చెప్పి, క్లిప్పులు అడగాలి. వేరేవాళ్లతో చేయించకూడదు. ఆంటీ, మీరు వాటితో నా ముహూర్తం తయారు చెయ్యాలి. ఆ ఫోన్లు ఆంటీ దగ్గర కూర్చునే చెయ్యాలి అంకుల్, మీ స్టూడియోలో కాదు. ఇద్దరూ చేస్తారా, లేకపోతే నేను వేరే దారి చూసుకోనా?”

ఇద్దరూ చేస్తామన్నారు.

జాబితాలో ముప్పై నాలుగు పేర్లు తేలాయి. మంగళవారం పదిన్నరకి గురునాథరావు మెట్టు దగ్గర కారు దిగి, సందులోకి నడిచి వచ్చాడు. సూర్యకళ ఆయనకి తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసింది. ఫ్యాను ఆ మూలకి తగలదు.

“నమస్కారమండీ, నేను గురునాథరావునండీ, శ్రీసత్య గారి పెళ్లి వీడియో తీసినవాళ్లం. మావల్ల ఒక పొరపాటు జరిగిందండీ.”

మొదటివాడు పెళ్లికొడుకు పెదనాన్న. అర్థమయ్యేదాకా నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. రెండో ఆమె, “మీరేనా మొన్న నన్ను అడ్డం లెగమని కసిరింది?” అని అడిగింది. మూడోవాడు అసలు తీసిందే చెరిపేశానన్నాడు. ఆరో నంబరాయన తిట్టాడు. తిట్టు ఫోను బయటికి కూడా వినబడింది. గురునాథరావు, “మీరన్నది నిజమేనండి,” అన్నాడు.

క్లిప్పులు ఒకటొకటిగా వచ్చి పడుతున్నాయి. ఒకదాంట్లో పురోహితుడి మోచెయ్యి, ఒకదాంట్లో ఎవరో చంటిబిడ్డ బోడిగుండు, ఇంకోదాంట్లో మూడు సెకన్లపాటు, జనం మధ్య సందులోంచి, జీలకర్రా బెల్లం పట్టుకున్న శ్రీసత్య చెయ్యి పైకి లేస్తూ. సూర్యకళ ఆ మూడు సెకన్లని కోసి పక్కన పెట్టుకుంది. అది ఎక్కడ మొదలు కావాలో, ఎక్కడ ఆగాలో ఆమె వేలికి తెలుసు. ఈ పని ఆమె ఇంతకుముందు చేసిన ఏ పనికన్నా బాగా రావాలి. అది గురునాథరావు కోసం కాదు.

ఒంటిగంటకి ఆయన పదమూడు నంబర్లు ముగించాడు. చొక్కా వీపుకి అంటుకుంది. గొంతు బొంగురుపోయింది. అందులో మెత్తదనం ఎక్కడో ఏడో నంబరు దగ్గరే అయిపోయింది.

“కాస్త మంచినీళ్లు ఇప్పిస్తావా అమ్మా?”

సూర్యకళ లేచి గ్లాసు నింపి ఇచ్చింది. ఆయన సగం తాగి, ఖాళీగా ఉన్న చేత్తో మొహం తుడుచుకున్నాడు. “మిగతావి రేపొచ్చి చేస్తానండి. గొంతు లేదు.” జీవితంలో మొదటిసారి ఆయన ఆమెని అండీ అన్నాడు.

రేపు చేసినా పనేం ఆగిపోదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. జాబితా దగ్గరికి లాక్కుని, పద్నాలుగో పేరు మీద వేలు పెట్టింది.

“గాజువాక నాగశ్రీ గారు. పెళ్లికూతురికి పిన్ని వరస,” అని నంబరు ఒక్కొక్క అంకెనీ విడివిడిగా చదవడం మొదలుపెట్టింది. గురునాథరావు గ్లాసు నేల మీద పెట్టి, ఫోను తీసి, ఆమె చదివిన అంకెలు నొక్కుకుంటూ వచ్చాడు.